సోలార్‌కు ఇన్‌కంటాక్స్ రాయితీ ఎక్కడుంది?

సంపాదకులకు,

ఇంటిమీద సోలార్ పెట్టుకుంటే ఖర్చులో 30 శాతం ఆదాయపు పన్నులో తగ్గుతుందని ఆమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసానికి సవరణ వేస్తారేమోనని రోజూ చూశాను. వేయలేదు. ఈలోగా ఆ కటింగు వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగి సోలార్ ఏజెంట్ల చేతికి చిక్కింది. ఇప్పుడు వాళ్లు మీ పత్రిక పేరు చూపించి మరీ బేరాలాడుతున్నారు.

ఆ 30 శాతం అమెరికా వాళ్లది. అక్కడ సోలార్ ఖర్చులో అంత మొత్తాన్ని కట్టాల్సిన పన్నులోంచి మినహాయించుకునేవారు. 2025 డిసెంబరు 31 తర్వాత పెట్టే ఖర్చుకు అక్కడా అది లేదు. డాలరు గుర్తు చెరిపేసి రూపాయి గుర్తు పెట్టినంత మాత్రాన వాళ్ల చట్టం మనకు వర్తిస్తుందా?

మనకున్నది సబ్సిడీ. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడింటికి 78 వేలు. ఆపైన పది కిలోవాట్లు పెట్టుకున్నా కేంద్రం ఇచ్చేది ఆ 78 వేలే. అది కూడా ముందు ఇవ్వరు. ప్యానెళ్లు బిగించి, మనం వాడిన కరెంటునూ బయటికి పంపిన కరెంటునూ లెక్కేసే నెట్ మీటరు పెట్టి, తనిఖీ పూర్తయ్యాక బ్యాంకు ఖాతాలో వేస్తారు. దీనికీ ఇన్‌కంటాక్స్ రిటర్నుకూ సంబంధం లేదు. 40 శాతం తరుగుదల అంటారే, అంటే పరికరం విలువ ఏటా తగ్గినంత మేరకు ఖర్చు కింద చూపించుకోవడం, అది వ్యాపారాలకు. జీతం మీద బతికేవాడికి కాదు. ఒక ఏజెంటైతే, ఎల్ఐసీ, పీఎఫ్ లాంటి పొదుపులకు పన్ను మినహాయింపునిచ్చే సెక్షన్ పేరు చెప్పి '80సీలో చూపించుకోండి సార్' అని ఉచిత సలహా పారేశాడు! రేపు నోటీసొస్తే అతను ఫోనెత్తుతాడా?

అతనిచ్చిన కొటేషన్ చూడండి. 'అన్నీ కలిపి' అని ఒకటే అంకె. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆ తగ్గింపు ఏ వరుసలో ఉందని అడిగితే నవ్వేశాడు. దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లకే, అంటే డీసీఆర్ ప్యానెళ్లకే సబ్సిడీ. కాగితం పైభాగంలో చవగ్గా దొరికే మామూలు ప్యానెల్ ధర వేసి, కింద 78 వేలు తీసేసి చూపిస్తే అది లెక్కా, గారడీనా? పైగా 'జీరో బిల్లు' అని ఎర్రక్షరాలు. ఫిక్స్‌డ్ చార్జీలు ఎవరు కడతారట?

ఇవన్నీ చెప్పాల్సిన విద్యుత్ అధికారులేమో ప్రారంభోత్సవాల్లో రిబ్బన్ కత్తిరిస్తూ ఫొటోల్లో కనిపిస్తారు. మా సెక్షన్ ఆఫీసులో అడిగితే 'పోర్టల్లో చూసుకోండి' అంటారు. పోర్టల్లో అర్థం కాలేదంటే 'వెండర్‌ని అడగండి' అంటారు. వెండర్ మీ వ్యాసం చూపిస్తాడు. కరెంటు మీటరు చనిపోయిన తండ్రి పేరు మీద ఉంటే ఏం చేయాలో చెప్పేవాడు లేడు. చాలా ఇళ్లలో మీటర్లు అలాగే ఉంటాయని ఆఫీసులో కూర్చునేవాళ్లకు తెలియదా? కోటి ఇళ్ల లక్ష్యం, 75 వేల కోట్ల రూపాయల పథకం. తెలుగులో ఒక్క సరైన కరపత్రం వేయడానికి మాత్రం డబ్బుల్లేవు కాబోలు.

వాళ్లనని ఏం లాభం! ఒకప్పుడు పత్రికలో అంకె పడిందంటే ఎవరో ఒకరు సరిచూసి ఉంటారని నమ్మేవాళ్లం. ఇప్పుడు నెట్‌లో దొరికింది తెలుగులోకి దించడం, పక్కన అదే సరుకు ప్రకటన వేసుకోవడం. ఆ వ్యాసం పక్కనే అర పేజీ సోలార్ ప్రకటన ఉంది, గమనించారా?

సవరణ వేస్తే ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే, అంత పెద్ద అక్షరాలతోనే వేయండి. లోపలి పేజీలో రాశిఫలాల కింద రెండు లైన్లు వేసి చేతులు దులుపుకోవద్దు. ఆ కటింగు నమ్మి అడ్వాన్సులు ఇచ్చినవాళ్లు అంత దూరం వెతుక్కోలేరు.

— మీ పాత చందాదారు