రాత్రి పూట చిన్న విమానం ఎక్కే ముందు అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఎన్నారై పేజీలో అప్పుడప్పుడూ మన పిల్లలు అమెరికాలో ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తెచ్చుకున్నారని, చిన్న సెస్నా విమానం పక్కన అమ్మానాన్నలతో నిలబడ్డ ఫొటోలు వేస్తుంటారు, చూసినప్పుడల్లా నాకు సంతోషమే, నేనూ ఆ లైసెన్స్ ఉన్నదాన్నే. డాలస్ దగ్గర ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, లైసెన్స్ వచ్చి ఆరేళ్ళయింది. కానీ ఆ ఫొటోల కింద ఎవరూ రాయని సంగతి ఒకటుంది, రాత్రి చీకట్లో చిన్న విమానం నడపడంలో ఉన్న ప్రమాదం, అది ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకి తెలియాలనే ఈ ఉత్తరం. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళని రాత్రి పూట సిటీ లైట్లు పైనుంచి చూపిస్తా రండి అని ఎక్కించుకోవడం ఇక్కడ మనవాళ్ళకి చాలా ఇష్టం. నేనూ ఎక్కించుకున్నా.

రెండేళ్ళ కిందట అమ్మానాన్న వచ్చినప్పుడు వెస్ట్ టెక్సస్‌లోని మిడ్‌లాండ్‌లో ఉండే మా బాబాయి కూతురింటికి సెస్నా 172లో వెళ్ళాం. భోజనం చేసి పగలుండగానే వచ్చేద్దామనుకున్నాం, కబుర్లలో పొద్దుపోయింది. బయల్దేరేసరికి పూర్తి చీకటి, పైగా మర్నాడే అమావాస్య. మొదట్లో బాగానే ఉంది, కింద ఐ-20 హైవే మీద కార్ల లైట్లు, స్వీట్‌వాటర్ దగ్గర గాలిమరల మీద వందల ఎర్ర లైట్లు ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరిపోతుంటే అమ్మ వెనక సీట్లో తెగ మురిసిపోయింది. అబిలీన్ దాటాక దగ్గర దారి కదా అని హైవే వదిలేశాను. అక్కడే తప్పు చేశా. కింద ఎక్కడో ఒక ఫామ్‌హౌస్ లైటు, పైన పల్చటి మబ్బులోంచి ఎక్కడో ఒక చుక్క, ఏది నేలో ఏది ఆకాశమో గీత లేదు. రేడియో ఫ్రీక్వెన్సీ చూసుకోవడానికి ఐప్యాడ్ వైపు తల వంచా, నిమిషం కూడా అయ్యుండదు, తలెత్తితే విమానం తిన్నగానే పోతున్నట్టుంది, ఎదురుగా మీటర్ మాత్రం కుడికి 30 డిగ్రీలు ఒరిగిపోయామని చూపిస్తోంది, ఎత్తు 600 అడుగులు తగ్గింది. నా ఒంట్లో ప్రతి నరం మీటరే తప్పు అంటోంది. ట్రైనింగ్‌లో మా ఇన్‌స్ట్రక్టర్ వందసార్లు చెప్పిన మాట, నీ ఒళ్ళు చెప్పేది నమ్మకు అని, అదొక్కటే గుర్తొచ్చింది. మీటర్ ప్రకారం రెక్కలు సరిచేశా, చేశాక ఇంకో అర నిమిషం ఎడమకి పడిపోతున్నట్టే ఉంది, పళ్ళు బిగబట్టి మీటర్లే చూస్తూ కూర్చున్నా. పక్క సీట్లోంచి నాన్న "ఏమ్మా, దగ్గరికొచ్చేశామా" అన్నారు. ఆయనకేమీ తెలీలేదు. అమ్మ నిద్రపోతోంది.

ఒప్పులకుప్ప ఆడినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. గిరగిరా తిరిగి ఆగాక కూడా లోకం తిరుగుతూనే ఉంటుంది కదా, చెవి లోపల ఉండే ద్రవం ఇంకా కదులుతుంటుంది కాబట్టి. విమానం మెల్లగా ఒరిగితే ఆ ద్రవానికి అసలు తెలీదు, సరిచేస్తేనేమో రెండోవైపు ఒరిగామని చెబుతుంది. పగలైతే కళ్ళు దూరంగా నేలా ఆకాశం కలిసే గీత చూసి చెవిని దిద్దుతాయి, చంద్రుడు లేని రాత్రి దిద్దడానికి ఏమీ ఉండదు. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో, మీటర్లు చూసి నడపడం రాని 20 మందికి బయటేమీ కనపడకుండా చేసి నడపమంటే ఇరవైమందికీ కంట్రోల్ పోయింది, సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా కాదు.

అమెరికా ప్రెసిడెంట్ కెనడీ గారి అబ్బాయి సంగతి పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1999 జూలై 16 రాత్రి న్యూజెర్సీ నుంచి భార్యనీ ఆవిడ అక్కనీ ఎక్కించుకుని మార్తాస్ వినియార్డ్ దీవికి వెళ్తూ సముద్రంలో పడిపోయారు, ముగ్గురూ పోయారు. ఇంజన్‌లో ఏ లోపమూ దొరకలేదు. నీళ్ళ మీద మసక, చీకటి, ఆయనకి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయటేమీ కనపడకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత, లేదు, దిక్కు తెలీక కంట్రోల్ పోయిందని రిపోర్టులో తేల్చారు. ఇంకొకటి తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది, 2011లో థాంక్స్‌గివింగ్ ముందు రోజు సాయంత్రం ఆరిజోనాలో మీసా దగ్గర్నుంచి లేచిన రెండింజన్ల విమానం కొద్ది నిమిషాలకే సూపర్‌స్టిషన్ కొండల్ని గుద్దేసింది. పండక్కి ముగ్గురు పిల్లల్ని తీసుకెళ్తున్న తండ్రి, ఆ పిల్లలు, మొత్తం ఆరుగురు పోయారు. ఆకాశంలో మబ్బు కూడా లేదు. సిటీ లైట్లు దాటాక ఎదురుగా ఉన్న నల్లటి కొండ నల్లటి చీకట్లో కలిసిపోయింది, అంతే.

ఇక్కడి రూల్ చూస్తే, ప్రైవేట్ లైసెన్స్‌కి రాత్రి ట్రైనింగ్ 3 గంటలు చాలు, అందులోనే 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు, ఒక దూరప్రయాణం. జనాన్ని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో రాత్రి పూట 3 సార్లు లేచి 3 సార్లు పూర్తిగా ఆగేలా దిగి ఉండాలి. ఇది డాలస్ లాంటి చోట, చుట్టూ కోటి లైట్లున్న ఎయిర్‌పోర్టులో గంటలోపు అయిపోతుంది, అబిలీన్ అవతల చీకటి గురించి అది ఏమీ నేర్పదు. కెనడాలో అయితే రాత్రికి వేరే రేటింగ్ ఉండాలి, మీటర్ల మీద ట్రైనింగ్ అందులో భాగం. మన ఇండియాలో సూర్యాస్తమయం తర్వాత కళ్ళతో చూసుకుంటూ నడిపే ఫ్లైట్లకి, ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) ఒప్పుకున్న లోకల్, ట్రైనింగ్ ఫ్లైట్లకి తప్ప, మామూలుగా పర్మిషనే లేదు. అమెరికాలో రూల్ వదులుగా ఉందని నేను తిట్టడం లేదు, ఆ స్వేచ్ఛ వల్లే నాలాంటిది పైలట్ అయింది, కానీ లైసెన్స్ ఉంది కదా అనే మాట దగ్గర పేరెంట్స్ ఆగిపోకూడదు.

దిగేటప్పుడు ఇంకో మోసం ఉంది. చిన్న ఊళ్ళలో రన్‌వే లైట్లు మనమే వెలిగించుకోవాలి, మైక్ బటన్ ఏడుసార్లు నొక్కితే చీకట్లోంచి ఒక్కసారిగా రెండు వరసల దీపాలు వస్తాయి. చాలా అందంగా ఉంటుంది, అదే ప్రమాదం కూడా, ఎందుకంటే చుట్టూ ఏమీ కనపడకపోతే ఉన్న ఎత్తు కంటే ఎక్కువ ఎత్తులో ఉన్నామనిపించి పైలట్ కిందకి దించేస్తాడు, రన్‌వే ఇంకా అరమైలు ఉండగానే చెట్లకో తీగలకో తగులుతాడు. రన్‌వే పక్కన నాలుగు లైట్లు ఉంటే వాటిలో రెండు తెలుపు రెండు ఎరుపు కనపడాలి, అప్పుడే ఎత్తు సరిగ్గా ఉన్నట్టు, అవి లేని ఊళ్ళో నేను రాత్రి దిగడం మానేశా.

కళ్ళ సంగతి కూడా చెప్పాలి. మేడ మీద పడుకుని కృత్తికల్ని లెక్కపెట్టినవాళ్ళకి తెలుసు, సూటిగా చూస్తే మసకేసిపోతాయి, కాస్త పక్కకి చూస్తే కనపడతాయి. రాత్రి ఎదురొచ్చే విమానాన్ని కూడా అలాగే వెతకాలి. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి అరగంట పడుతుంది, వెనక సీట్లోంచి ఎవరైనా ఫ్లాష్‌తో ఒక్క సెల్ఫీ తీస్తే అదంతా పోతుంది. కాబట్టి అమ్మలూ, ఫోన్లు లోపల పెట్టుకోండి.

అడగాల్సినవి ఎక్కువేం లేవు. నీకు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉందా నాన్నా, ఆఖరిసారి మీటర్లు చూసి నడిపిందెప్పుడు, ఈ రాత్రి చంద్రుడున్నాడా, దారిలో లైట్లుంటాయా, బాగోకపోతే ఎక్కడ దిగి లాడ్జిలో పడుకుంటాం. పిల్లలు చిరాకు పడితే పడనివ్వండి. మా నానమ్మ అమావాస్య పూట ప్రయాణం వద్దనేది, ఇప్పుడు నేను ప్లాన్ వేసేముందు తిథి చూసుకుంటా.

ఆ రాత్రి తర్వాత ఏడాది పాటు శని ఆదివారాలు కూర్చుని ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ తెచ్చుకున్నా. విమానంలో జరిగింది మాత్రం అమ్మానాన్నలకి ఆర్నెల్ల తర్వాత ఫోన్‌లో చెప్పా, నాన్న చాలాసేపు మాట్లాడలేదు. వచ్చే నెల ఇద్దరూ మళ్ళీ వస్తున్నారు. మొన్న అమ్మే అడిగింది, పౌర్ణమి ఎప్పుడొచ్చిందే అని.

ఇట్లు,
మీ పాఠకురాలు,
డాలస్, టెక్సస్