గవాక్షి పోయింది, పొయ్యి పోలేదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

పేద ఇళ్ళకు వంటగ్యాసు కనెక్షన్లిచ్చే దీపం పథకం 1999లో వచ్చింది, అటువంటిదే కేంద్రం వారి ఉజ్జ్వల 2016లో వచ్చింది, 2024 నవంబరు నుంచి మన రాష్ట్రంలో అర్హులకు ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా అందుతున్నాయి. అయినా మా పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ళ వెనక్కి వెళ్ళి చూస్తే కట్టెల పొయ్యి కనబడుతూనే ఉంది. స్నానాల కాగుకూ, ఎద్దుల ఉలవలకూ, పదిమందికి వండే సంగటికీ గ్యాసు ఖర్చు చేయడానికి ఎవరికీ మనసొప్పదు. పొయ్యి మాయమైపోయినట్టే పెద్దలంతా మాట్లాడుతున్నందువల్ల దాన్ని సరిగ్గా వాడే పద్ధతి చెప్పేవారు లేకుండా పోయారు.

పాత మట్టి మిద్దెల్లో పొయ్యికి నేరుగా పైన కప్పులో గవాక్షి, అంటే పొగ పోయే సందు, ఉండేది. వేడి పొగ పైకే పోతుంది కనుక ఆ చిన్న సందే ఇల్లాలి కళ్ళనూ ఊపిరినీ కొంతైనా కాపాడేది. వాన వస్తే దాని మీద కుండ బోర్లించేవారు. మిద్దె తీసి స్లాబు వేసుకున్న ఇళ్ళలో ఆ సందు వదలమని అడిగే యజమాని లేడు, అడగకుండా వదిలే మేస్త్రీ లేడు. వానాకాలంలో మాత్రం పెరటి పొయ్యి వంటింట్లోకి వస్తుంది, పొగ స్లాబుకు తగిలి ఊదుగొట్టం పట్టుకున్న మనిషి ముఖం మీదికే దిగుతుంది. ఇళ్ళలోని ఇటువంటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. 1980లలో ప్రభుత్వం ఇచ్చిన పొగలేని పొయ్యిలు మా ఊళ్ళోనూ వెలిశాయి గానీ, గొట్టంలో పేరుకున్న మసిని ఏడాదికొకసారైనా దులపాలని చెప్పినవారు లేకపోవడంతో, పొగ వెనక్కి తన్ని, ఆడవాళ్ళే వాటిని పగలగొట్టారు.

అసలు పొగంటే పూర్తిగా మండకుండా గాలిలో కలిసిపోతున్న కట్టే. పొద్దున కొట్టిన సర్కారు తుమ్మలో నీరు బాగా ఉంటుంది, సాయంత్రానికే దాన్ని పొయ్యిలో పెడితే మంట సత్తువలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, మంట సరిగ్గా అందుకోక పొగ ఎక్కువవుతుంది. చీల్చిన కట్టెను మా సీమ ఎండలో కొన్ని నెలలు ఆరబెట్టి, వానకు ముందే చూరు కిందికి చేర్చుకుంటే చాలు. చివర్లు పగుళ్ళిచ్చి, రెంటిని కొడితే ఖణేలుమన్న కట్టె ఆరినట్టు లెక్క. పొయ్యినోరు నిండా కుక్కకుండా, మణికట్టు లావు మించని కట్టెలను కింద గాలి ఆడేట్టు ఇనుప చువ్వల మీద పెట్టి, కాలేకొద్దీ లోపలికి జరపాలి. నాపరాయి మీద నేరుగా మంట పెట్టకూడదు, సెగకు పగిలి పెచ్చులు ఎగురుతాయి. ఇటుక పరిచి మట్టి మెత్తాలి.

రాజేయడానికి పాలిథీన్ కవర్లూ, ఈమధ్య బండిలోంచి తీసిన పెట్రోలూ వాడుతున్నారు. మొదటిది విషపు పొగ, రెండోది ఒళ్ళు కాల్చుకోవడమే. ఎండిన పత్తికట్టె గుప్పెడుంటే అగ్గిపుల్ల ఒక్కటి చాలు. చలికాలం బాలింత గదిలో నిప్పుల కుంపటి పెట్టి తలుపులు మూయడం ఇంకా ఘోరం, ఎందుకంటే బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇక బూడిద సంగతి నేను అనుభవించి చెబుతున్నాను. చల్లారిందనుకుని సాయంత్రం దిబ్బలో పోసిన బూడిదలో ఒక్క కణిక మిగిలి, అర్ధరాత్రి గాలికి రాజుకుని మా వేరుశనగ కట్టె వామి తెల్లారేసరికి బుగ్గయింది. ఆ ఏడు పశువులకు మేత కొన్నాము. అప్పటినుంచి మా ఇంట్లో నీళ్ళు చల్లనిదే బూడిద బయటికి పోదు.

ప్రభుత్వ ఇళ్ళ నమూనాల్లో వంటింటి పైకప్పుకు ఒక పొగగొట్టమో, పెరట్లో పొయ్యికి చిన్న రేకుల పంచో చేర్చవలసిందిగా గృహనిర్మాణ శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. స్లాబు పోసేటప్పుడే జానెడు గొట్టం నిలబెడితే ఖర్చు స్వల్పం. తర్వాత తొలిపించుకోవాలంటే మేస్త్రీ కూలీతోపాటు వాన కారుతుందన్న బెంగ కూడా తోడవుతుంది. నేను తొలిపించుకున్న సందు మీద ప్రస్తుతానికి కుండే బోర్లించి ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పత్తికొండ, కర్నూలు జిల్లా.