ఉన్ని పేరుతో పంపిన పాలిస్టర్ తానుల గురించి ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: మధ్యయుగపు దుస్తుల కోసం కొన్న నీలం, ఆకుపచ్చ తానుల్లో కల్తీ, పన్నా (బట్ట వెడల్పు) తక్కువ. డబ్బు వాపసు కోరుతూ.

అయ్యా,

మా చలికాలపు ఉత్సవం అయిపోయి పది రోజులైంది. కోపం కాస్త చల్లారాక రాద్దామని ఆగాను. అది చల్లారేలా లేదు, కాబట్టి రాస్తున్నాను.

ఉత్సవంలో పాల్గొనే 14 మందికి ఐరోపా 14వ శతాబ్దపు తరహా దుస్తులు కుట్టే బాధ్యత నాది. ఎనిమిది గౌన్లు, ఆరు పొడవాటి అంగీలు, వాటి మీదికి హుడ్‌లు. ఇందుకోసం మీ దగ్గర ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఒక్కొక్కటి 15 మీటర్ల చొప్పున మూడు తానులు కొన్నాను. మీ వివరణలో ఉన్న మాటలు ఇవి: వంద శాతం ఉన్ని, ఫుల్లింగ్ చేసిన బట్ట, పన్నా 150 సెంటీమీటర్లు. ఆ పేజీని ఆ రోజే ఫొటో తీసి పెట్టుకున్నాను, ఈ లేఖతో జత చేస్తున్నాను.

కొనే ముందు శాంపిల్ అడిగితే ఎరుపు ముక్క ఒక్కటే పంపి, మిగతా రంగులూ ఇదే బట్ట అన్నారు. ఆ ముక్కను కాల్చి చూశాను, కడిగి చూశాను. మంచి ఉన్ని. ఎరుపు తాను కూడా అలాగే వచ్చింది, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మిగతా రెండు తానుల్ని వచ్చిన రోజే విప్పి చూడకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటాను. ఎరుపు గౌన్లు ఐదూ కుట్టాకే వాటి జోలికి వెళ్లాను.

నీలం తాను బల్ల మీద పరిచి టేపు పెట్టగానే గుండె జారింది. అంచు నుంచి అంచుకు 137 సెంటీమీటర్లే ఉంది. ఆకుపచ్చదీ అంతే. వెంటనే ఫోన్ చేస్తే మీ ప్రతినిధి "పదమూడు సెంటీమీటర్లే కదా మేడమ్, అడ్జస్ట్ చేసుకోండి" అన్నారు. మార్చి పంపాలంటే ఆరు వారాలు పడుతుందన్నారు. ఉత్సవానికి అప్పటికి ఐదు వారాలే ఉంది.

ఆ పదమూడు సెంటీమీటర్ల సంగతి ఏమిటో చెప్తాను. ఈ కాలపు బట్టల కట్టింగ్ అంతా పన్నా మీదే నడుస్తుంది. గ్రీన్‌ల్యాండ్‌లోని హెర్యోల్ఫ్స్‌నెస్ అనే చోట 1921లో తవ్వకాల్లో బయటపడిన అంగీలు, గౌన్లు చూస్తే మనిషి ఒంటికి సరిపోయే ముక్కలకు చుట్టూ కలీలు (త్రికోణపు ముక్కలు) అతికి ఘేరు (కింది చుట్టు వెడల్పు) తెప్పించిన తీరు తెలుస్తుంది. నేనూ అదే పద్ధతిలో కత్తిరిస్తాను. ముందు భాగం 60, వెనక భాగం 60. పక్కన 30 సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. అందులోంచి 90 పొడవు ముక్క తీసి మూల నుంచి మూలకు కోస్తే రెండు కలీలు వస్తాయి. ఆ కింద మిగిలిన దాంట్లో చంక కింద వేసే చదరపు ముక్కలు వస్తాయి. చిన్న పీలిక కూడా వృథా కాదు. మీరు పంపిన బట్టలో ఆ పట్టీ 17 సెంటీమీటర్లకు పడిపోయింది. దాంట్లో కలీ రాదు. ఒక్కో కలీకి మధ్యలో అతుకు వేయాల్సి వచ్చింది. మూడు గౌన్లు, ఆరు అంగీలు, మనిషికి నాలుగు కలీలు: మొత్తం 36 అతుకులు. అతుకులు చూడ్డానికి ఎబ్బెట్టుగా ఏమీ ఉండవు లెండి, పాతకాలం వాళ్లూ అతికే కుట్టుకున్నారు. కానీ ఆ రాత్రుళ్లు ఎవరివి? ముప్పై మీటర్ల పొడవు మీద లెక్కేస్తే దాదాపు నాలుగు చదరపు మీటర్ల బట్టకు డబ్బు తీసుకుని బట్ట ఇవ్వనట్టే.

ఇంకో మాట. బట్ట పన్నా ఎంతుండాలో ఇంగ్లండ్‌లో 1215 నాటి మాగ్నా కార్టా అనే హక్కుల పత్రంలోనే రాశారు. 35వ నిబంధన చూడండి, రంగు వేసిన బట్ట అంచుల మధ్య రెండు ఎల్‌ల (ఎల్ అంటే అప్పటి బట్ట కొలత) వెడల్పు ఉండాలని ఉంటుంది. తర్వాతి రోజుల్లో బట్ట కొలిచి సీసపు ముద్ర వేసే అధికారులు కూడా ఉండేవాళ్లు. మధ్యయుగపు బట్ట అని పేరు పెట్టి అమ్మేవాళ్లకు ఆ కాలంలో ఏది నేరమో కూడా తెలిసుంటే బాగుండేది.

సరే, పన్నా సంగతి దిగమింగి కత్తెర పెట్టాను. తర్వాతే అసలు కథ మొదలైంది.

హుడ్‌ల అంచులు ఆకుల ఆకారంలో కత్తిరించడం ఆ కాలపు ఫ్యాషన్. దాన్ని డ్యాగింగ్ అంటారు. ఫుల్లింగ్ చేసిన ఉన్నికైతే ఆ అంచులు మడిచి కుట్టక్కర్లేదు. మీ ప్రతినిధికి ఫుల్లింగ్ అనే మాట కొత్తగా అనిపించింది కాబట్టి రాస్తున్నాను: నేసిన బట్టను నీళ్లలో తడిపి తొక్కి, కుమ్మి దగ్గర చేయడమే ఫుల్లింగ్. ఉన్ని పోగులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, బట్ట కుంచించుకుని దట్టంగా తయారవుతుంది, అందుకే కోసిన చోట దారం లేవదు. ఎరుపు బట్టలో లేవలేదు. నీలం హుడ్ మొదటిది కోసి అరగంట పక్కన పెట్టేసరికి ప్రతి ఆకు చివరా పోగులు లేచి చీపురు కట్టలా నిలబడ్డాయి. ఆరు హుడ్‌లకూ చేత్తో అంచు కుట్టాల్సి వచ్చింది. ఒక్కో హుడ్‌కు 40కి పైగా ఆకులు, ప్రతి ఆకుకీ రెండు వంపులు, ఒక కొస. ఎన్ని గంటలు పట్టిందో లెక్క పెట్టడం మానేశాను.

అప్పుడే అనుమానం రావాల్సింది. వచ్చింది కానీ ఫుల్లింగ్ సరిగా చేయలేదేమో అనుకున్నాను. కల్తీ అని మనసు ఒప్పుకోలేదు, మీ మీద అంత నమ్మకం. ఆ నమ్మకాన్ని ఇస్త్రీ పెట్టె పోగొట్టింది. ఉన్ని కుట్లు అణచడానికి తడిగుడ్డ వేసి ఆవిరితో గట్టిగా నొక్కుతాను. ఆకుపచ్చ అంగీ భుజం దగ్గర అలా నొక్కి గుడ్డ తీస్తే అక్కడ నూనె రాసినట్టు మెరుపు తేలింది. ఉన్ని అలా నిగనిగలాడదు.

మిగిలిన పీలికల్లో ఒకటి తీసి నిప్పు పెట్టాను. నిఖార్సయిన ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీసేస్తే దానంతటదే ఆరిపోతుంది, మిగిలిన నుసి వేళ్ల మధ్య పొడి అవుతుంది. ఎరుపు ముక్క అచ్చంగా అలాగే చేసింది. ఆకుపచ్చ ముక్కలో వెంట్రుక వాసనతో పాటు ప్లాస్టిక్ కంపు వచ్చింది. చివర నల్లటి పూసలా గట్టిపడింది, గోటితో నొక్కినా చితకలేదు. నీలం కూడా అంతే.

కాల్చి చూసిన మాట చెబితే మీరు నమ్మరని ఇంకో పరీక్ష చేశాను. క్లోరిన్ బ్లీచ్‌లో ఉన్ని కరిగిపోతుంది, పాలిస్టర్ కరగదు. సరిగ్గా 20 గ్రాముల ఆకుపచ్చ ముక్క తూచి, ఆరుబయట గాజు సీసాలో రాత్రంతా బ్లీచ్‌లో ఉంచాను. పొద్దున్నకి పేక (అడ్డ పోగులు) మొత్తం మాయమైంది. పడుగు (నిలువు) పోగులు మాత్రం విడివిడిగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. కడిగి ఆరబెట్టి తూస్తే 9 గ్రాములు. అంటే మీరు వంద శాతం ఉన్ని అన్న బట్టలో నిలువు పోగులన్నీ పాలిస్టరే. పక్కనే ఎరుపు ముక్క వేసిన సీసాలో తూచడానికి ఏమీ మిగల్లేదు. ఆ పడుగు పోగుల్ని చిన్న కవర్లో పెట్టి పంపుతున్నాను. మీ వాళ్లే ఏ ల్యాబ్‌లోనైనా చూపించుకోవచ్చు.

ఇది విని మీ ప్రతినిధి రెండోసారి అన్న మాట నేను మర్చిపోలేను. "వేషాలే కదా మేడమ్, దూరం నుంచి చూసేవాళ్లకు ఏం తెలుస్తుంది?"

నేను పాతకాలం పేరుతో పట్టుదలకు పోయే మనిషిని కాను. బయటికి కనిపించని కుట్లు మిషన్ మీదే వేస్తాను. నీలానికి వోడ్ ఆకు, ఎరుపుకు మ్యాడర్ వేరు వాడాలని మిమ్మల్ని అడగలేదు, రసాయన రంగులతోనే సరిపెట్టుకున్నాను. ఉన్నే కావాలని పట్టుబట్టింది చూసేవాళ్ల కోసం కాదు, వేసుకునేవాళ్ల కోసం. ఆ ఆకుపచ్చ అంగీలు, నీలం హుడ్‌లు ఎవరి కోసమో తెలుసా? ఊరేగింపులో కాగడాలు పట్టుకునే ఆరుగురి కోసం. ఉన్ని అంటుకోవాలంటే 570 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి కావాలి, నిప్పురవ్వ పడితే చిన్న మచ్చ పడి ఊరుకుంటుంది. పాలిస్టర్ దాదాపు 260 డిగ్రీల దగ్గరే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. పైగా మంచులో గంటల తరబడి నిలబడే వాళ్లకు, తన బరువులో మూడో వంతు దాకా చెమ్మ పీల్చుకున్నా తడిగా అనిపించనిది ఉన్ని. ఇస్త్రీ పెట్టె ఆ మెరుపు చూపించకపోయి ఉంటే, నేను నా చేత్తో ఆ బట్టలు వాళ్లకు తొడిగి నిప్పు చేతికిచ్చేదాన్ని. అది తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది.

ఆ ఆరుగురూ చివరికి పాత అంగవస్త్రాలు కప్పుకుని నడిచారు. అంగీలు పెట్టెలో ఉండిపోయాయి. నీలం గౌన్లు మూడింటిని మంటకు దూరంగా నిలబడే వాళ్లకే ఇచ్చాను.

కత్తెర పడిన బట్టను వాపసు తీసుకోవడం కుదరదని మీ నియమం అంటున్నారు. బాగున్న బట్టను కోసి మనసు మార్చుకున్నవాళ్లకు ఆ నియమం సరే. కోసి, కుట్టి, ఇస్త్రీ చేస్తే తప్ప బయటపడని మోసానికి అది వర్తించదు. పన్నా తక్కువని కత్తెర పెట్టక ముందే చెప్పాను, ఆ ఫోన్ చేసిన తేదీ, సమయం మీ రికార్డులోనే ఉంటాయి.

నాకు కావాల్సింది ఇది. నీలం, ఆకుపచ్చ తానులకు కట్టిన డబ్బు మొత్తం, రవాణా ఖర్చుతో సహా వెనక్కి ఇవ్వండి. నా కూలి అడగడం లేదు, దానికి మీరు వెల కట్టలేరు. అంతకంటే ముఖ్యంగా, ఆ రెండు రంగుల తానులు ఇంకెవరెవరు కొన్నారో వాళ్లందరికీ ఇది పూర్తి ఉన్ని కాదని, నిప్పు దగ్గర వేసుకోవద్దని ఈ వారంలోనే తెలియజేయండి. చలికాలం ఇంకా పోలేదు, మంటల చుట్టూ జరిగే ఉత్సవాలు ఇంకా ఉన్నాయి. మీ పేజీలో ఆ వివరణ నిన్న రాత్రికి కూడా మారలేదు, చూశాను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఫోన్‌లో మాట్లాడించొద్దు. జవాబు రాకపోతే ఇవే కాగితాలు వినియోగదారుల ఫిర్యాదుల విభాగానికి వెళ్తాయి. మిగిలిన పీలికలు, తొడగని ఆరు అంగీలు భద్రంగా ఉంచాను. పరీక్షించుకోవాలంటే మనిషిని పంపండి, ఒక అంగీ విప్పి ఇస్తాను. అన్నీ మాత్రం ఇవ్వను, సాక్ష్యం నా దగ్గర ఉండాలి.

అన్నట్టు, మీరు పంపిన బొత్తాల పొట్లంలో 60కి బదులు 52 ఉన్నాయి. తక్కువైన ఎనిమిదీ పంపితే చాలు.

జత చేసినవి: బిల్లు నకలు, మీ వివరణ పేజీ ఫొటో, టేపు పెట్టి తీసిన తానుల ఫొటోలు, మూడు రంగుల ముక్కలు, బ్లీచ్‌లో మిగిలిన పోగులు.

ఇట్లు,
ఉత్సవ దుస్తులు కుట్టిన మీ కొనుగోలుదారు