బాబాయి పైపు, కోర్టు నోటీసు

శీనూ,

ఉత్తరం ఆలస్యమైంది, కోప్పడకురా. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది, చిన్నోడు బడికి పోతున్నాడు, నెల్లూరు ఎండలు నీకు తెలిసినవే. మొన్న కోర్టులో జరిగింది నీకు చెబితే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

పొదలకూరు దగ్గర బాబాయి నిమ్మతోట గుర్తుందిగా, ముల్లు గుచ్చుకుని నువ్వు 'రాజుగారి నాట్యం' చేసిన చోటు! ఆ తోటకి బోరు నీళ్లు పక్కవాళ్ల గట్టు మీది పైపులోంచే రావాలి. వాళ్లు దాన్ని పీకేస్తామంటే కోర్టుకెళ్లాం. ఇద్దరి మాటా విని, దావా తేలేదాకా పైపు ముట్టుకోవద్దని ఇంజంక్షన్ ఇచ్చారు. ఆ కాగితాన్ని నమ్ముకునే బాబాయి అప్పు చేసి కొత్త మొక్కలు పెట్టాడు.

మొన్న మామూలు వాయిదానే అనుకుని వెళ్లాం. మా లాయరు గారు పక్క హాల్లో ఉన్నారు. ఈలోగా మా కేసు పిలిచారు. అవతలి లాయరు లేచి అప్పటికప్పుడు ఒక పిటిషన్ ఇచ్చాడు: బోరు ఎండిపోయింది, ఇక పైపుతో పనేముంది, ఆర్డర్ ఇవాళే తీసేయండి అని. బాబాయి చేతులు కట్టుకుని లేచాడు, నోట మాట రాలేదు. నాకు కాళ్లు వణికాయి.

జడ్జి గారు అడిగిన మొదటి మాట, "వీళ్లకి కాపీ ఇచ్చారా?" ఇప్పుడిస్తామన్నాడు. "ఇద్దరినీ విని ఇచ్చిన ఆర్డర్ ఇది. ఆయన్ని వినకుండా ఎలా తీసేస్తాను? నోటీసు ఇవ్వండి, వాళ్ల జవాబుగా కౌంటర్ వేయనివ్వండి" అని వాయిదా వేశారు. అందాకా పైపు జోలికి పోవద్దన్నారు. దండం పెట్టాలనిపించిందిరా!

తర్వాత టీ తాగుతూ లాయరు గారు చెప్పారు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డర్ 4వ రూల్ ప్రకారం, రెండు పక్షాలనూ విని ఇచ్చిన ఇంజంక్షన్‌ని ఊరికే తీసేయకూడదట. పరిస్థితి మారిందనో, అవతలివాళ్లకి అన్యాయంగా కష్టమవుతోందనో కోర్టుకి నమ్మకం కుదరాలట. ఇంకోటి కూడా చెప్పారు, ఇది ఇంజంక్షన్ల గురించి కాదులే, కేసుల విచారణ ఆపుతూ ఇచ్చే స్టేల గురించి. అవి పొడిగించకపోతే ఆరు నెలలకి వాటంతటవే పోతాయని సుప్రీంకోర్టు 2018లో చెప్పిందట. 2024 ఫిబ్రవరి 29న ఐదుగురు జడ్జీలు ఆ మాట కొట్టేశారు. స్టే తెచ్చుకున్నవాడి తప్పేమీ లేకపోయినా, వాడి మాట వినకుండానే స్టే పోవడం సహజ న్యాయానికి విరుద్ధమన్నారు.

అసలు బోరు ఎండలేదురా! సాయంత్రం మోటారు వేస్తే నీళ్లు ధారగా వచ్చాయి. నోటీసు ఇవ్వకుండా ఆ రోజే తీసేసి ఉంటే ఆ ముక్క కోర్టుకి చెప్పేవాడెవడు? రాత్రికి రాత్రే పైపు పీకేసేవాళ్లు. ఆ తర్వాత మనం పైకోర్టుకి పోయి గెలిచినా ఎండిన మొక్కలు... తలుచుకుంటేనే కడుపు మండుతోంది. మా మాట విన్నాక తీసేస్తే తీసేయనీ, ఏడుస్తాం, పై కోర్టుకి పోతాం. కానీ వినాలి కదా.

బాబాయికి మాత్రం ఇంకా టెన్షన్ తగ్గలేదు, రోజూ ఆ ఆర్డర్ కాపీ తీసి చూసుకుంటున్నాడు. పిన్ని ఏమో ఆ కొత్త మొక్కలకి... అయ్యో, లాయరు గారి ఫోన్. కౌంటర్‌తో పెట్టడానికి మోటారు కరెంటు బిల్లులు ఇప్పుడే పట్టుకు రమ్మంటున్నారు. వెళ్తున్నా.

నీ
ప్రసాద్