ప్రిన్సిపాల్ గారికి ఒక తండ్రి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

నమస్కారం. మా అమ్మాయి మీ కళాశాలలో బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. కెమిస్ట్రీ ల్యాబులో పరికరాల కొరత విషయమై మీకు రెండు అర్జీలు ఇచ్చాను. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

నరసన్నపేట దగ్గరి మా పల్లె నుంచి అమ్మాయి తెల్లవారి మొదటి బస్సుకే బయలుదేరుతుంది. ల్యాబులో ఎనిమిది మందికి ఒకే బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టం). దాని కొళాయి కారుతుంది. ఏ చుక్కకు కింది ద్రావణం రంగు మారిందో వెనక నిలబడ్డవాళ్లకు కనబడదు. ముందువాళ్ల రీడింగే అందరి రికార్డుల్లోకీ ఎక్కుతుంది. నిరుడు పాసైన మా పక్కింటి కుర్రాడు పైడిభీమవరంలో మందుల కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లి, ప్రయోగం చేత్తో చేసి చూపలేక తిరిగొచ్చాడు. మార్కులు మాత్రం మంచివే.

ఇలాంటివి చూడటానికే కదా ఐక్యూఏసీ, అంటే కళాశాలలో నాణ్యతను చూసే అంతర్గత కమిటీ, ఉన్నది! కళాశాలల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ న్యాక్ మార్గదర్శకాల ప్రకారం దానికి అధ్యక్షులు మీరే. మూడు నెలలకోసారైనా అది సమావేశం కావాలి, విద్యార్థులూ పూర్వ విద్యార్థులూ అందులో ఉండాలి, ఏటా నివేదిక పంపాలి. ఆ విద్యార్థి సభ్యులెవరో మా అమ్మాయి తరగతిలో ఎవరికీ తెలియదు. అభిప్రాయ పత్రాలు పంచి పది నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారట. అధ్యాపకులను నేను తప్పుపట్టడం లేదు, వారి పాట్లు మాకు తెలుసు.

దయచేసి ఈ నెలాఖరులోగా ఐక్యూఏసీ సమావేశం పెట్టి తల్లిదండ్రులనూ పిలవండి. పాత సమావేశాల మినిట్స్, అభిప్రాయ పత్రాలపై తీసుకున్న చర్యలు నోటీసు బోర్డులో ఉంచండి. ప్రాక్టికల్ పరీక్షలలోపు బ్యూరెట్లు తెప్పించండి.

భవదీయుడు,
ఒక విద్యార్థిని తండ్రి,
శ్రీకాకుళం జిల్లా