వ్యాపార బీమా కమిటీ వార్షిక నివేదిక: టెర్రరిజం కవరేజీ

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది కమిటీ పని చాలావరకు ఒకే కాగితం చుట్టూ తిరిగింది: అమెరికాలో బిజినెస్ పాలసీ రెన్యూవల్‌తో పాటు, ఉగ్రదాడి నష్టానికి కవరేజీ కావాలా అని అడుగుతూ వచ్చే టెర్రరిజం నోటీసు. అందులో ‘కావాలి’, ‘వద్దు’ అని రెండు గళ్లుంటాయి. నాలుగు డాలర్లు మిగులుతాయని చదవకుండానే ‘వద్దు’ దగ్గర సంతకం పెట్టడం మోటెళ్లు, గ్యాస్ స్టేషన్ల పాలసీల్లో మళ్లీ మళ్లీ కనిపించింది.

నోటీసు వెనకున్న చట్టం ట్రియా (టెర్రరిజం రిస్క్ ఇన్సూరెన్స్ యాక్ట్). 2002 నవంబరు 26న వచ్చింది. దీని కింద బీమా కంపెనీ ఈ కవరేజీ ఇస్తానని తప్పక చెప్పాలి, ప్రీమియం విడిగా చూపించాలి. తీసుకోవడం, మానడం మన ఇష్టం. క్లెయిమ్ ప్రభుత్వానికి పెట్టాలా అని చాలామంది అడిగారు. అక్కర్లేదు, మన కంపెనీకే పెట్టాలి. ట్రియా పరిధిలోకి వచ్చే బీమా రకాల్లో కంపెనీకి ముందు ఏడాది వచ్చిన ప్రీమియంలో 20 శాతం దాకా నష్టం పూర్తిగా కంపెనీదే. అది దాటితే 80 శాతం ప్రభుత్వం, 20 శాతం కంపెనీ భరిస్తాయి. పరిశ్రమ మొత్తం నష్టం 20 కోట్ల డాలర్లు దాటితేనే ప్రభుత్వ వాటా మొదలవుతుంది. ఏడాదికి పరిమితి 10,000 కోట్ల డాలర్లు. కంపెనీ భరించే ఆ 20 శాతాన్ని మన డిడక్టిబుల్ (క్లెయిమ్‌లో ముందుగా మన జేబులోంచి పెట్టుకునే మొత్తం) అనుకోవద్దు. ప్రభుత్వం ఇచ్చిన సొమ్మును తర్వాత సర్‌ఛార్జీగా రాబట్టేటప్పుడు ‘వద్దు’ అన్నవాళ్లూ కట్టాల్సిందే. మిగిలిందనుకున్న నాలుగు డాలర్ల సంగతి అదీ.

అసలు చిక్కు సర్టిఫికేషన్ దగ్గర ఉంది. టీవీలో టెర్రరిజం అన్నంత మాత్రాన చాలదు. ట్రెజరీ సెక్రటరీ (అమెరికా ఆర్థిక మంత్రి) అలా ధ్రువీకరించాలి, బీమా నష్టం 50 లక్షల డాలర్లు దాటాలి. ఇప్పటిదాకా ఏ ఘటననూ ధ్రువీకరించలేదు, 2013 బోస్టన్ మారథాన్ పేలుళ్లను కూడా. ఏప్రిల్ 15న పేలుళ్లు జరిగితే బాయిల్‌స్టన్ స్ట్రీట్ 24 దాకా తెరుచుకోలేదు. అలాంటప్పుడు పగిలిన అద్దాల కన్నా ఆగిన వ్యాపారమే పెద్ద దెబ్బ. పోలీసులు వీధి మూసినప్పుడు పోయిన ఆదాయానికి పనికొచ్చేది ‘సివిల్ అథారిటీ’ క్లాజు. చాలా పాలసీల్లో మొదటి 72 గంటలకు ఇది ఏమీ ఇవ్వదు. పైగా మూసివేతకు కారణమైన నష్టం మన పాలసీ కవర్ చేసే రకం అయ్యుండాలి. టెర్రరిజం వదులుకుంటే, ధ్రువీకరించిన ఘటనలో ఈ క్లాజు కూడా పోతుంది. మీ మినహాయింపు ‘సర్టిఫైడ్’ ఘటనలకేనా, అన్నిటికా అన్నది ఎండార్స్‌మెంట్‌లో (పాలసీకి జతచేసే సవరణ కాగితం) చూడండి. మేము అన్నిటికన్నా ముందు వెతికేది ఆ ఒక్క మాటే.

వర్కర్స్ కాంపెన్సేషన్‌లో (పనిలో గాయపడ్డ ఉద్యోగులకు ఇచ్చే బీమా) టెర్రరిజాన్ని వదులుకునే వీల్లేదు. చాలా రాష్ట్రాల్లో 9740 కోడ్ కింద, ప్రతి 100 డాలర్ల జీతానికి ఇంత అని దాని ప్రీమియం పడుతుంది. అది తీసేయమని ఏజెంటుతో వాదించి లాభం లేదు. కమర్షియల్ ఆటో, డాక్టర్ల మాల్‌ప్రాక్టీస్, ఐటీ కన్సల్టింగ్ కంపెనీల ప్రొఫెషనల్ లయబిలిటీ ట్రియా పరిధిలోకి రావు. విడిగా తీసుకున్న సైబర్ లయబిలిటీ పాలసీ వస్తుందని 2016 చివర్లో ట్రెజరీ స్పష్టం చేసింది. హైదరాబాద్‌లో ఆఫీసు ఉంటే దానికి ట్రియా వర్తించదు. అక్కడి ఫైర్ పాలసీకి టెర్రరిజం కవర్ ఉందో లేదో విడిగా చూసుకోవాలి. 2002 నుంచి జీఐసీ రీ (బీమా కంపెనీలకు బీమా ఇచ్చే భారత ప్రభుత్వ సంస్థ) నిర్వహిస్తున్న పూల్, అంటే బీమా కంపెనీల ఉమ్మడి నిధి, ఆ రిస్కును మోస్తోంది.

న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, ఇల్లినాయ్, జార్జియా వంటి రాష్ట్రాల్లో కవరేజీ వద్దన్నా, దాడి తర్వాత అంటుకున్న మంటల నష్టాన్ని ఫైర్ పాలసీ ఇవ్వాలన్న చట్టాలున్నాయి. పేలుడు నష్టానికి అది వర్తించదు. లోన్ ఉన్నవాళ్లు సంతకానికి ముందు లోన్ అగ్రిమెంటు బీమా సెక్షన్ తీసి చూడండి. అక్కడ టెర్రరిజం కవరేజీ అడిగి ఉంటే, ‘వద్దు’ అన్న సంతకంతో షరతు తప్పినట్టే. అప్పుడు లెండరే పాలసీ కొని, ఆ ఖర్చు మన ఖాతాలో వేస్తాడు.

వచ్చే ఏడాదికి ముఖ్యమైన తేదీ 2027 డిసెంబరు 31, చట్టం గడువు అప్పటితో తీరుతుంది. 2014 చివర్లో ఇలాగే తీరిపోతే, 2015 జనవరి 12 దాకా కొత్త చట్టం రాలేదు. అందుకే కొన్ని కంపెనీలు ‘చట్టం ముగిస్తే ఈ మినహాయింపు అమల్లోకి వస్తుంది’ అన్న షరతు కలుపుతాయి. 2027లో మొదలై 2028లోకి సాగే ప్రతి పాలసీలోనూ దీన్ని వెతకాలి. రెన్యూవల్‌కు 60 రోజుల ముందే డిక్లరేషన్స్ పేజీ (పాలసీ వివరాల సారాంశం ఉండే మొదటి పేజీ), టెర్రరిజం నోటీసు, ఎండార్స్‌మెంట్ల జాబితా కమిటీకి పంపండి. మొత్తం పాలసీ అక్కర్లేదు.