శ్రీబాగ్ బిట్టు, ఇంకొన్ని సంగతులు

కర్నూలు,
ఆదివారం

చిన్నీకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. జేజి మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. పొద్దున్నే నేను పంపే డీఎస్సీ బిట్లకు, అదే టీచర్ పరీక్ష ప్రశ్నలకు, నువ్వు జవాబు రాయడం మానేశావు. నీలం టిక్కులు మాత్రం పడుతున్నాయి కాబట్టి ఫోన్ నీ దగ్గరే ఉంది. చదువులో మునిగి ఉంటావులే, నేనేమీ అడగను.

మొన్న సరస్వతి పిన్ని వచ్చింది. వాళ్ల మధు నిన్ను అమీర్‌పేటలో చూశాడట, చేతిలో కంప్యూటర్ కోర్సు పుస్తకం కూడా ఉందట. అవనిగడ్డలో డీఎస్సీకి చదువుకునే పిల్ల అమీర్‌పేటలో ఎందుకుంటుంది, ఎవరినో చూసి నువ్వనుకున్నాడు అన్నాను. వాడి కళ్లద్దాలు మార్చి ఎన్నాళ్లయిందో. సరే, ఆ మాట వదిలెయ్.

సంధుల్లో నువ్వు తడబడేది పేర్ల దగ్గర కాదు, నిత్యం, వైకల్పికం, బహుళం అన్న చోట. ఉత్తుకు, అంటే పొట్టి ఉకారానికి, అచ్చు పరమైతే సంధి జరిగి తీరుతుంది, అది నిత్యం: రాముడు + అతడు, రాముడతడు. ఏమ్యాదుల్లో, అంటే ఏమి, మఱి లాంటి మాటల్లో, ఇత్తుకు (పొట్టి ఇకారానికి) సంధి వైకల్పికం: ఏమంటివి, ఏమియంటివి రెండూ ఒప్పే. సంధి జరగని చోట యడాగమం, అంటే మధ్యలో ‘య’, వస్తుందని గుర్తులేకపోతే రెండోది తప్పనిపిస్తుంది. బహుళం అంటే ‘ఎక్కువసార్లు’ అని చాలామంది పెట్టేసి వస్తారు. ఒకచోట తప్పక జరగడం, ఒకచోట జరిగినా జరగకపోయినా చెల్లడం, ఒకచోట అసలు జరగకపోవడం, ఒకచోట మరో మార్పు రావడం, ఈ నాలుగూ కలిస్తేనే బహుళం. అత్వ సంధి ఆ జాతిది.

ప్రకృతి వికృతుల్లో ఇంకో మెలిక ఉంది. ‘అగ్ని’కి వికృతి అడిగి ఆప్షన్లలో నిప్పు, అగ్గి రెండూ ఇస్తారు. నిప్పు పర్యాయపదం, వికృతి, అంటే ఆ సంస్కృత మాటే మారి వచ్చిన రూపం, అగ్గి. ‘స్త్రీ’కి మగువ, పడతి పర్యాయపదాలు, వికృతి ఇంతి. ఆత్రపడి మొదటి ఆప్షన్‌కే గుర్తు పెట్టొద్దు.

ఆంధ్ర రాష్ట్ర రాజధాని ఏదంటే మన ఊరే కాబట్టి నిద్రలో లేపినా చెబుతావు. కర్నూలే ఎందుకైంది అంటే మాత్రం నీళ్లు నమలకూడదు. కోస్తావాళ్లతో కలిసి రాష్ట్రం అడగడానికి సీమ నాయకులు మొదట వెనకాడారు. 1926లో వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం కోస్తాలోనే ఉండిపోయింది, రేపు నీళ్లూ పదవులూ కూడా అటే పోతాయని వాళ్ల భయం. ఆ భయం తీర్చడానికి 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారింట్లో కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ఆ ఇంటి పేరే శ్రీబాగ్. నదీజలాల్లో సీమకు ప్రాధాన్యం ఇవ్వాలని, రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో సీమే కోరుకోవచ్చని రాశారు. తర్వాత యుద్ధం వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చింది, రాష్ట్రం మాత్రం రాలేదు. 1952 అక్టోబర్ 19న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో బులుసు సాంబమూర్తిగారింట్లో దీక్షకు కూర్చున్నారు. డిసెంబర్ 15న ప్రాణం విడిచారు. అక్టోబర్‌లో 13, నవంబర్‌లో 30, డిసెంబర్‌లో 15, మొత్తం 58 రోజులు. మొదటి రోజు వదిలేసి లెక్కపెడితే 57 వస్తుంది, జాగ్రత్త. డిసెంబర్ 19న నెహ్రూ లోక్‌సభలో ప్రకటన చేశారు, 1953 అక్టోబర్ 1న రాష్ట్రం వచ్చింది. సీమ రాజధానిని కోరుకుంది, హైకోర్టు 1954లో గుంటూరులో పెట్టారు. మన ఊళ్లో భవనాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిపారు. శ్రీబాగ్ దగ్గర మొదలుపెట్టి గుడారాల దాకా వస్తే అరడజను బిట్లు ఒకే తాడుకు వస్తాయి. విడివిడిగా బట్టీ పడితే 1953 అక్టోబర్ 1, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ 1956 నవంబర్ 1 కలగాపులగం అవుతాయి. ముఖ్యమంత్రులు కూడా అంతే: ఆంధ్ర రాష్ట్రానికి మొదట ప్రకాశం పంతులుగారు, ఆంధ్రప్రదేశ్‌కు నీలం సంజీవరెడ్డిగారు. మొదటి గవర్నర్ మాత్రం రెండింటికీ చందూలాల్ త్రివేదీయే.

అమీర్‌పేటలో హాస్టల్ నీళ్లు బాగుండవట, కాచి తాగాలట. అక్కడుండే పిల్లల సంగతి చెబుతున్నాలే.

నోటుబుక్కు పేజీ నిలువుగా మడువు. ఎడమపక్క ప్రశ్న, కుడిపక్క జవాబు. రోజుకు కొత్తవి ఐదు దాటొద్దు. రాసినవి మర్నాడు, మూడో నాడు, వారానికి, నెలకు మళ్లీ చూడు. జవాబు మూసి, పైకి చెప్పి, అప్పుడు తెరువు. తెరిచిపెట్టి చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, పరీక్షలో ఒక్కటీ రాదు. తప్పిన దానికి చుక్క పెట్టు, వారానికోసారి చుక్కలవి మాత్రమే చదువు. ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) పేపర్లో 160 బిట్లు, 150 నిమిషాలు, బిట్టుకు అర మార్కు. మైనస్ లేదు కాబట్టి ఒక్కటీ ఖాళీగా వదలొద్దు. టెట్‌కు, అదే టీచర్ అర్హత పరీక్షకు, 20 శాతం వెయిటేజీ ఉంది, స్కోరు తక్కువనిపిస్తే మళ్లీ రాయి.

లెక్చర్ ఇవ్వకూడదనే కూర్చున్నాను. కానీ నోటిఫికేషన్ రావడం లేదని దారి మార్చేవాళ్లు ఇంట్లో ఒక మాట చెప్పి మార్చాలి. కంప్యూటర్ కోర్సు చెడ్డదని నేనన్నానా? ఫీజు ఎక్కడినుంచి తెచ్చావో అది తెలియాలి. జయక్క దగ్గర అప్పు చేసి ఉంటే మీ నాన్నకు తెలియకముందే నాకు చెప్పు. ఆయన కోప్పడరు, అన్నం మానేస్తారు, అదే నా బాధ.

రాత్రి పదకొండు దాటాక చదవొద్దు. తలకు నూనె పెట్టుకో. బయట బజ్జీలు తగ్గించు.

చెనిక్కాయల పొడి, ఊరుబిండి డబ్బాలకు పోశాను. మీ నాన్న రేపు సాయంత్రం కార్గోలో వేస్తారు. అడ్రసు అవనిగడ్డది రాయాలా, హైదరాబాద్‌ది రాయాలా? మధ్యాహ్నం లోపల చెప్పు, ఊరుబిండి ఎక్కువ రోజులు నిలవదు.

అమ్మ